నలభై ఫోన్లు, ఒక నమస్కారం

తిరువూరులో ఎవరికి కొత్త ఫోను కొనాలనిపించినా ఒకసారి మా ఇంటి గేటు తీస్తారు. నేను ఒకే బిల్లు మీద నలభై స్మార్ట్‌ఫోన్లు కొన్న మనిషినని ఊళ్ళో పేరు. మొన్న మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి వచ్చి, "అంకుల్, ఏడెనిమిది వేలలో ఏది తీసుకోమంటారు? మీకు అనుభవం కదా" అంది. అనుభవం ఉన్నమాట నిజమే. అది ఎలాంటి అనుభవమో తెలిస్తే ఆ అమ్మాయి నన్ను సలహా అడగడం అటుంచి, నా ముందు ఫోను బయటికి కూడా తియ్యదు.

ఈ కథలో సగాన్ని నేను చాలాసార్లు చెప్పుకున్నాను. పెళ్ళి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నవాళ్ళకి "మా సంఘానికి స్మార్ట్‌ఫోన్లు తెచ్చింది నేనే" అని చెప్పి, అక్కడితో ఆపి, పెరుగు వేయించుకునేవాణ్ణి. మిగతా సగం ఇప్పుడు చెప్తాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరి, పై అధికారి మొహం చూసి నోట్ ఫైలు రాయడం నేర్చుకుంటున్న మీలాంటివాళ్ళ కోసమే ఇది.

నేను పనిచేసింది ఒక పాల సంఘంలో. పేరు అనవసరం. సూపర్వైజరుగా చేరి ఆఫీసు మేనేజరుగా రిటైరయ్యాను. చుట్టుపక్కల ఊళ్ళలో మాకు నలభై పాల కేంద్రాలుండేవి. ఒక్కో కేంద్రానికి ఒక్కరే మనిషి, ఎక్కువమంది ఆడవాళ్ళు. రైతులు తెల్లవారకముందే వచ్చి పాల క్యాన్లు వరసలో పెట్టి, టీ తాగడానికి వెళ్తారు. క్యాను ఎక్కడుంటే మనిషి అక్కడ నిలబడినట్టే లెక్క. ఆ వరస తప్పిస్తే సొంత అన్నదమ్ములు కూడా నెలరోజులు మాట్లాడుకోరు. కేంద్రంలో ఉన్న మనిషి ఒక్కొక్కరి పాలు కొద్దిగా తీసి, వెన్న శాతం చూపించే ఫ్యాట్ మిషనులో పెడుతుంది. గేదె పాలకి ఏడో ఎనిమిదో వస్తుంది, ఆవు పాలకి నాలుగు దాటదు. రేటంతా ఆ అంకె మీదే. అందుకే పాల కేంద్రంలో పనిచేసే మనిషికి జీతం కన్నా ముందు కావలసింది పేరు. ఒకసారి "అంకె మార్చింది" అనే మాట పుట్టిందంటే ఆ ఊళ్ళో ఆ మనిషి తలెత్తుకోలేదు.

ఆ అంకెలు చేత్తో రాసే పద్ధతి మాన్పించాలని మా అధ్యక్షుడికి ఒక ఏడాది బుద్ధి పుట్టింది. ఆలోచన మంచిదే. మిషను నుంచి అంకె బ్లూటూత్‌లో నేరుగా ఫోనులోకి వస్తుంది, రైతు నంబరు కొట్టగానే సేవ్ అవుతుంది, రైతు సెల్లుకి మెసేజ్ పోతుంది. విజయవాడలో ఒకాయన ఆ యాప్ తయారుచేసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడే ఒక కాగితం మీద, ఎలాంటి ఫోను కావాలో నాలుగు లైన్లు రాశాడు. పూర్తి ఆండ్రాయిడ్ ఉండాలి, ఫలానా వెర్షన్ కన్నా పాతది పనికిరాదు, మెమరీ ఇంతకు తక్కువ ఉండకూడదు. ఆ కాగితం ఫైల్లో పెట్టింది నేనే. దాని మీద ఇంకో కాగితం పెట్టింది కూడా నేనే.

డబ్బు తక్కువ. ఫోనుకి ఆరు వేలు దాటడానికి వీల్లేదు. ఈ విషయం తేల్చడానికి డైరెక్టర్ల మీటింగు పెట్టాం. గేదె పొదుగు చూసి ఎన్ని లీటర్లిస్తుందో చెప్పగల మనుషులు వాళ్ళు, అందులో వాళ్ళకి వంకపెట్టను. ఫోనుకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుందని, అది మంచిదీ చెడ్డదీ ఉంటుందని నేను చదివి వినిపించేసరికి ఒకాయన చాలా సీరియస్‌గా, "ఆ సిస్టమ్ లేకుండా తీసుకుంటే ఎంత తగ్గిస్తాడంట?" అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు నా వైపు జవాబు కోసం చూశారు. ఇంకొకాయన బటన్లున్న ఫోనులోనే ఇంటర్నెట్ వచ్చే రకం ఉందని, అదైతే మూడో వంతు ధరకే వస్తుందని పట్టుబట్టాడు. అందులో మన యాప్ ఎక్కదండీ అని చెప్తే, "ఎక్కించాలయ్యా, అందుకేగా నువ్వుంది" అన్నాడు.

మీటింగు అయ్యాక నేను బస్టాండు దగ్గర ఫోన్ల షాపుకి వెళ్ళాను. షాపాయన్ని ఊరంతా భాయ్ అంటారు. ఒకప్పుడు అదే కొట్లో వాచీలూ రేడియోలూ బాగుచేసేవాడు, కాలం మారితే ఫోన్లలోకి మారాడు. నాకు పాతికేళ్ళ పరిచయం. యాప్ వాళ్ళిచ్చిన కాగితం చూపించాను. కళ్ళజోడు పైకి జరుపుకుని రెండుసార్లు చదివాడు.

"ఆరువేలకి కొత్త ఫోనంటే లైటు రకం ఆండ్రాయిడే వస్తుంది సార్. చెడ్డదేం కాదు. మా అమ్మకి నేనదే ఇచ్చా. మాట్లాడుకుంటది, మనవళ్ళ ఫోటోలు చూసుకుంటది. కానీ మీది డ్యూటీ చేసే ఫోను."

"తేడా ఏంటి భాయ్?"

"ఇది ఒక్క గది ఇల్లు సార్. ఒకళ్ళు లోపలికొస్తే ఉన్నవాళ్ళని బయటికి పంపిద్ది. పాలు కొలుస్తున్నప్పుడు ఇంకోటేదన్నా తెరిచారనుకోండి, మీ యాప్‌ని మూసిపారేసిద్ది. అదే డబ్బుకి ఒకసారి వాడిన మంచి ఫోన్లున్నాయి, పూర్తి ఆండ్రాయిడ్. ఇంకా రెండు మూడేళ్ళు అప్‌డేట్లు వస్తాయి. నేను ఒక్కోటీ విప్పి చూసి, బ్యాటరీ మార్చి ఇస్తా. లేదూ కొత్తవే కావాలంటే, పెద్ద కేంద్రాలకి పాతిక మంచివి కొనండి. మిగతావాళ్ళకి వచ్చే ఏడాది."

డబ్బు తక్కువున్నవాడు ఫోనెలా కొనాలన్న దాని మీద అంతకన్నా మంచి సలహా నేను ఇప్పటిదాకా వినలేదు. పెట్టె మీద రాసిన కెమెరా లెక్కలు చూడకు, లోపలున్నది పూర్తి సిస్టమా లైటుదా చూడు, వెర్షన్ చూడు, ఇంకెన్నాళ్ళు అప్‌డేట్లిస్తారో అడుగు, నీ పని ఏమిటో ముందు నువ్వు తెలుసుకో. మా వీధి అమ్మాయికి కూడా ఇదే చెప్పాను, భాయ్ మాటలని చెప్పకుండా.

మర్నాడు ఈ మాటలు అధ్యక్షుడికి చెప్పాను. ఆయన తెల్లటి ఖద్దరు చొక్కా మీద పడిన జీడిపప్పు ముక్క దులుపుకుంటూ విన్నాడు.

"నా చేతుల మీదుగా సెకండ్ హ్యాండు ఫోన్లు పంచమంటావా?"

"పోనీ పాతిక కొత్తవి..."

"ఏ పాతికూళ్ళకి ఇవ్వమంటావు? మిగతా పదిహేనూళ్ళకి నువ్వెళ్ళి చెప్తావా? అందరికీ ఒకే రోజు, ఒకటే రకం. మన దగ్గర పద్ధతి అది."

పద్ధతి నిజంగా అదే. మా సంఘంలో ఏది పంచినా అందరికీ ఒకే రోజు, ఒకటే రకం పంచేవాళ్ళం. ఒక ఊరికి మంచి క్యాను, ఇంకో ఊరికి మామూలు క్యాను ఇస్తే ఎన్నికల్లో ఆ ఊరి ఓట్లు పోయినట్టే. అందుకని అందరికీ సమానంగా చెత్త వస్తువు ఇచ్చేవాళ్ళం, దాన్ని న్యాయం అనుకునేవాళ్ళం.

నేనేం చేశానో వినండి. "లైటు రకం ఆపరేటింగ్ సిస్టమ్ మన అవసరములకు సరిపోవునని సాంకేతికంగా నిర్ధారించుకోవడమైనది" అని నోట్ రాసి, యాప్ వాళ్ళ కాగితం మీద పెట్టి ట్యాగు కట్టాను. సాంకేతికంగా నిర్ధారించుకున్నది ఎవరయ్యా అంటే, తన ఫోనులో అలారం పెట్టుకోవడానికి పక్క టేబులు గుమాస్తాని పిలిచే నేను. ఆ కాగితం చివర నా సంతకం ఎంత ధీమాగా ఉందో చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది.

అంతటితో ఊరుకున్నా కొంత బాగుండేది. విజయవాడ డీలరు నలభై ఫోన్లూ పంపేముందు, లోపల ఇంకేమైనా వేసి పంపమంటారా అని అడిగాడు. అప్పుడు అధ్యక్షుడి ఎదుట కూర్చుని ఉన్న నాకు ఒక అద్భుతమైన ఆలోచన వచ్చింది. "సార్, రోజూ పొద్దున పాలు పోసే టైములో మీ నమస్కారం వినిపిస్తే ఎలా ఉంటుంది?" అన్నాను. ఆయన లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదొక్కసారే.

అలా తయారైంది నమస్కారం యాప్. సరిగ్గా ఆరున్నరకి ఫోను తెర మీద చేతులు జోడించి అధ్యక్షుడు ప్రత్యక్షమయ్యేవాడు. "పాడి రైతు సోదరులకు, సోదరీమణులకు శుభోదయం, నమస్కారం" అని మొదలుపెట్టి, ముప్పావు నిమిషం మాట్లాడి, చిరునవ్వుతో మాయమయ్యేవాడు. ఎవరు తలుచుకున్నా దాన్ని మధ్యలో ఆపలేరు.

ఫోన్లు పంచే రోజు సభ ఘనంగా జరిగింది. షామియానా, శాలువాలు, ఉప్మా, కాఫీ. ఫోన్లలో తగ్గించిన మెమరీ అంతా శాలువాల్లో కనిపించింది. నలభై ఫోన్లనీ బల్ల మీద పేర్చి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మూడు ఫోన్లకి ఛార్జింగు పెట్టే చోట కుంకుమ దిగి మర్నాటికల్లా మూగబోయాయి. భాయ్ దగ్గరికి తీసుకెళ్తే మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేసి ఇచ్చాడు. ఏ రకం కొన్నామో కూడా చూశాడు. నేను ఆయన మొహంలోకి చూడలేదు.

వినగడప కేంద్రంలో ఒక అమ్మాయి పనిచేసేది. ముప్పై ఏళ్ళుంటాయి. ఇంటర్ చదివింది. భర్త ట్రాక్టరు తోలేవాడు, సీజన్ ఉంటేనే పని. ఇద్దరు పిల్లలు తిరువూరులో ఇంగ్లీషు మీడియం స్కూలుకి బస్సులో వచ్చేవాళ్ళు. ఆ ఫీజులకి ఈ పనే ఆధారం, ఇది పోతే పత్తి తియ్యడానికి కూలికి పోవాలి. ఈ సంగతులన్నీ నాకు తెలుసు, ఎందుకంటే ఆ అమ్మాయిని పనిలోకి తీసుకున్నప్పుడు ఇంటర్వ్యూ చేసింది నేనే. మా నలభైమందిలో ఫోన్లు ఇచ్చిన వారానికే నాకు ఫోన్ చేసింది ఆమె ఒక్కతే.

"సార్, ఆరున్నరకి సారుగారి నమస్కారం వచ్చి వెళ్ళాక పాల యాప్ మూసుకుపోతుందండి. మళ్ళీ తెరిస్తే ముందు రైతు ఫ్యాటే కనపడుతుంది. తర్వాతాయన నంబరు కొట్టగానే అదే సేవ్ అయిపోతుందండి. దిద్దడానికి లేదు."

"ఒకసారి ఆపి ఆన్ చెయ్యమ్మా" అన్నాను.

ఇది నేను నేర్చుకున్న ఏకైక సాంకేతిక విద్య. దిద్దే వీలు లేకుండా చేయించింది మా అధ్యక్షుడే, మనిషి చెయ్యి పడితే మోసం జరుగుతుందని. పది రోజులకి మళ్ళీ చేసింది. "సార్, ఇవాళ ఒక ముసలామె గేదె పాలకి ముందున్న ఆవు పాల అంకె పడిందండి. ఏడుస్తూ వెళ్ళింది. ఏం చెయ్యమంటారు?" ఆపి ఆన్ చెయ్యమన్నాను. మూడోసారి చేసినప్పుడు నేను భోజనం చేస్తున్నాను. అప్పుడు కూడా అదే చెప్పాను, కాకపోతే విసుగ్గా చెప్పాను.

రెండు నెలలు గడిచాక వినగడప నుంచి అధ్యక్షుడికి ఫిర్యాదు వచ్చింది. పదకొండు మంది రైతులు సంతకాలు పెట్టారు. కేంద్రంలో అమ్మాయి రోజూ ఆరున్నర కాగానే వరస తప్పించి తన బావగారిని ముందుకు పిలుస్తోందని, ఆయన ఆవు పాలకి గేదె పాల ఫ్యాట్ పడుతోందని, ఫోను వచ్చాక దొంగతనం సులువైందని రాశారు. మెసేజ్‌లు కూడా ఫోటోలు తీసి జతచేశారు. వాటిల్లో ఉన్నదంతా నిజం.

నాకు అప్పుడు భయం వేసింది. ఆమె మూడుసార్లు ఫోన్ చేసింది గుర్తొచ్చింది. విజయవాడ యాప్ ఆయనకి ఫోన్ కలిపాను. ఆయన మొత్తం విని, "ఆరున్నరకి ఇంకో వీడియో యాప్ నడుస్తోందా? ఎవరు పెట్టారండీ అది?" అని అడిగాడు. ఎవరో పెట్టారు అన్నాను. "మీరు కొన్నది లైటు రకం సార్. ఉన్నది గుప్పెడు మెమరీ. అది తీసెయ్యండి, అంతా సర్దుకుంటుంది. నేను కాగితం మీద రాసిచ్చాను కదా" అన్నాడు. కాగితం మీద ఇంకో కాగితం ఉందని ఆయనకి చెప్పలేదు.

విచారణ మర్నాడే. తెల్లవారుజామున అధ్యక్షుడి కారులో బయల్దేరాం. గంపలగూడెం రోడ్డంతా మంచు, అటూ ఇటూ మామిడి తోటలు. అధ్యక్షుడు ముందు సీట్లో కూర్చుని, "ఆడవాళ్ళు కదా అని నమ్మి ఇస్తే ఇదీ" అంటున్నాడు. నేను వెనక సీట్లో కూర్చుని, తప్పు ఆమెది కాదని ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. "సార్, చిన్న విషయం" అని ఒకసారి అన్నాను కూడా. ఏంటన్నట్టు ఆయన వెనక్కి తిరిగాడు. "ఏసీ కొంచెం తగ్గించమంటారా" అన్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో సంపాదించిన ధైర్యం అంత.

కేంద్రం దగ్గర అరవై డెబ్భై మంది ఉన్నారు. క్యాన్లు గోడ పొడుగునా వరసలో ఉన్నాయి. ఆ అమ్మాయి మాకు నమస్కారం పెట్టి తన పని తను చేసుకుంటోంది. సంతకాలు పెట్టినవాళ్ళలో పెద్దాయన ఒకడు ముందుకొచ్చి మాట్లాడాడు. తలపాగా, చేతికర్ర, గట్టి గొంతు.

"మేం అబద్ధం చెప్పమండి. ఆరున్నరయ్యేసరికి వాళ్ళ బావని పిలుస్తుంది. పిలుస్తుందో లేదో ఆ అమ్మాయినే అడగండి."

"పిలుస్తాను" అంది ఆమె.

జనం గొల్లుమన్నారు. అధ్యక్షుడు నా వైపు చూశాడు, విచారణ అయిపోయిందన్నట్టు.

"ఎందుకు పిలుస్తానో కూడా చెప్పనివ్వండి" అంది ఆమె. "ఆరున్నర తర్వాత పోసిన మొదటి పాలకి తప్పు అంకె పడుతుందండి. ముందువాళ్ళదే పడుతుంది. మొదట్లో అది ఎవరికి పడితే వాళ్ళకి పడేది. ఒకరోజు పాపం ఈ మామ్మకి పడింది, ఆ పూట కష్టంలో సగం పోయింది ఆవిడకి. ఆఫీసుకి మూడుసార్లు చెప్పాను. ఇంక తప్పేదేదో మా ఇంటి పాలకే తప్పనీ, పోతే మా ఇంట్లోదే పోనీ అని మా బావగారిని పిలవడం మొదలుపెట్టాను. ఆయన ముందు ఎవరుంటారో నా చేతిలో లేదండి. గేదె పాలవాళ్ళే ఉంటున్నారు, ఆయనకి ఎక్కువ పడుతోంది. ఎక్కువ పడిందని కూడా చెప్పాను ఆఫీసుకి."

ఆఫీసు అంటే నేను. మనుషులందరూ ఆఫీసు ఎక్కడుందా అన్నట్టు చూశారు. నేను ఫైలు తెరిచి ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

"మాటలెవరైనా చెప్తారు" అన్నాడు పెద్దాయన.

"మాటలొద్దు బాబాయ్. టైమెంతయింది? ఆరుంబావు. పావుగంట ఉండండి. మా బావగారు ఇవాళ పాలు తేలేదు. క్యానులో బోరు నీళ్ళు పట్టుకొచ్చారు. మూత తీసి మీరే చూసుకోండి."

పెద్దాయన నిజంగానే మూత తీసి, పుడిసిట్లో పోసుకుని తాగి చూశాడు. నీళ్ళేనన్నాడు. ఆ పావుగంటా ఆ అమ్మాయి మామూలుగా పాలు పోయించుకుంది. ఒక్కొక్కరికీ మిషను మీద పడిన అంకె, ఫోనులో పడిన అంకె చూపించింది. అన్నీ సరిపోయాయి. ఆరున్నరకి నిమిషం ముందు ఒక గేదెలాయన పాలు పోశాడు, ఎనిమిది పడింది. అప్పుడు మోగింది నమస్కారం. "పాడి రైతు సోదరులకు, సోదరీమణులకు శుభోదయం" అని మా అధ్యక్షుడు ఫోనులోంచి, ఫోను ముందు నిలబడిన మా అధ్యక్షుడికి శుభోదయం చెప్పాడు. నలుగురైదుగురు అలవాటుగా చేతులు జోడించారు. అసలాయన కూడా చొక్కా సర్దుకుని నవ్వాడు. ముప్పావు నిమిషం ఎవరూ కదల్లేదు.

నమస్కారం అయిపోయింది. ఆమె పాల యాప్ మళ్ళీ తెరిచింది, నీళ్ళు మిషనులో పెట్టింది. మిషను మీద సున్నా. బావగారి నంబరు కొట్టింది. ఆయన జేబులో సెల్లు టింగుమంది. ఆయన అది తీసి పెద్దాయన చేతికిచ్చాడు. పెద్దాయన దూరంగా పట్టుకుని కూడబలుక్కుని చదివాడు.

"ఫ్యాట్ ఎనిమిది."

ఆ సెల్లు నలుగురి చేతులూ మారింది. తర్వాత పెద్దాయనే అన్నాడు. "అయ్యా అధ్యక్షా, మీ నమస్కారం మామూలుది కాదండోయ్. నీళ్ళకి కూడా ఎనిమిది ఫ్యాట్ తెప్పిస్తోంది." కేంద్రం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. సంతకాలు పెట్టినవాళ్ళు కూడా నవ్వారు. ఏడ్చి వెళ్ళిన ఆ ముసలామె ఇంకా ఎక్కువ నవ్వింది.

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "ఏంటయ్యా ఇది?"

నిజం చెప్పడానికి దేవుడు నాకు అంతకన్నా మంచి సమయం ఇవ్వడు. జనం నవ్వుతున్నారు, రుజువు అందరి కళ్ళెదుటా ఉంది. "సార్, మనం కొన్న ఫోను తప్పు, అందులో పెట్టిన నమస్కారం తప్పు, రెండూ నా వల్లే" అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "మంచు వల్ల అయ్యుంటుంది సార్. బ్లూటూత్ చల్లబడుతుంది" అన్నాను. ఇంకోసారి నవ్వారు. ఆ నవ్వు నా వాటాకి వచ్చింది, న్యాయంగానే.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. అధ్యక్షుడి ముందుకొచ్చి నిలబడి, "సార్, ఆ నమస్కారం తీసెయ్యడానికి పర్మిషన్ ఇప్పించండి. ఇంకేం అక్కర్లేదు" అంది. ఆయన చూద్దాం అని కారెక్కాడు. మేం తిరువూరు చేరేలోపే "నీళ్ళకి ఎనిమిది ఫ్యాట్" అన్న మాట మాకన్నా ముందు బస్సులో వచ్చేసింది. బస్టాండు టీకొట్టు దగ్గర అధ్యక్షుడి కారు కనపడగానే ఇద్దరు చేతులు జోడించి శుభోదయం అన్నారు.

ఆయన దెబ్బతిన్నాడు. ఫోను మార్చి ఉంటే ఆ మాట పోయేది, నమస్కారం తీసేసి ఉన్నా పోయేది. ఆయనకి ఆ అమ్మాయి పోవాలనిపించింది. వారం రోజుల తర్వాత నన్ను పిలిచి, "దొంగతనం అని రాయడానికి లేదు. ఇంకేదన్నా చూడు" అన్నాడు. నేను చూశాను. చూసి, వెతికి పెట్టాను. వరస తప్పించి ఒక రైతును ముందుకు పిలిచినట్టు ఆమె పదిమంది ముందు ఒప్పుకుంది కదా. నిబంధనలలో వరస పాటించాలని ఉంది. దాన్ని పట్టుకుని ఆమెని పనిలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం రాశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ ఉత్తరం రాసినప్పుడు కొంచెం గర్వపడ్డాను కూడా, ఇంత పకడ్బందీగా రాయగలిగానని. నాకు రిటైర్మెంటు ఇంకో పద్నాలుగు నెలలుంది. అది కారణంగా చెప్పుకుందామని చాలాసార్లు చూశాను, ఎక్కడా అతకడం లేదు.

మిగతా ముప్పై తొమ్మిది కేంద్రాల్లో ఆ నమస్కారం ఇంకో ఏడాది మోగింది. ఆరున్నరకి ఎవరి పాలకి ఎవరి ఫ్యాట్ పడిందో ఆ పరమాత్మకి తెలియాలి. ఆ ఫోన్లకి తర్వాత అప్‌డేట్లు ఆగిపోయి, యాప్ తెరుచుకోవడం మానేశాక, మళ్ళీ చేత్తో రాసే పద్ధతికే వచ్చారు.

ఉత్తరం పోస్టులో పంపకుండా నేనే తీసుకెళ్ళాను, అదేదో మర్యాద అనుకుని. మధ్యాహ్నం పూట కేంద్రం ఖాళీగా ఉంది. ఆమె కొలపాత్రలు కడిగి బోర్లిస్తోంది. చేతులు తుడుచుకుని ఉత్తరం తీసుకుంది, నిలబడే చదివింది, రెండో పేజీ కూడా చదివింది.

"ఇది మీరే రాశారా సార్?"

"పైనుంచి చెప్పారమ్మా."

"నేనడిగింది అది కాదు సార్."

"నేనే రాశాను" అన్నాను.

తలూపింది. లోపలికెళ్ళి ఫోనూ ఛార్జరూ తెచ్చింది. ఇవ్వబోయి ఆగి, తెర మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపింది. ఏదో ఒకచోట నొక్కింది, ఇంకోసారి నొక్కింది.

"నమస్కారం తీసేశాను సార్. రెండుసార్లు నొక్కితే పోతుంది. ఇచ్చిన వారానికే కనిపెట్టాను."

"అప్పుడే తీసెయ్యాల్సింది కదమ్మా" అన్నాను. నిజంగా అలాగే అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "తీసినవాళ్ళని పనిలోంచి తీసేస్తామని సర్క్యులర్ పంపారు కదా సార్. మీ సంతకమే ఉంది. నాకీ పని కావాలి, అందుకే ముట్టుకోలేదు. ఇప్పుడు తీస్తే ఏం చేస్తారు?"

ఆ సర్క్యులర్ నేను మర్చేపోయాను. రోజుకి నాలుగు రాసేవాణ్ణి, ఏది ఎవరి నోరు నొక్కిందో గుర్తు పెట్టుకునే అలవాటు లేదు. ఏదైనా అనాలి, క్షమించమని అనాలి, ఉత్తరం వెనక్కి తీసుకుని చింపెయ్యాలి. ఆమె ఫోనుని పైట చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టి, "అందినట్టు రాసివ్వండి సార్, తర్వాత మళ్ళీ నా మీదకి రాకుండా" అంది.

జేబులోంచి పెన్ను తీశాను. ఫోను ఒకటి, ఛార్జరు ఒకటి, పనిచేయు స్థితిలో అందినవి అని రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.